పేరు చివర దీర్ఘం

నోట్లో నువ్వుగింజ నానదని కొందరి గురించి అంటుంటారు. ఈమె విషయంలో ఆ మాట కూడా తక్కువే. నువ్వుగింజ నానాలంటే ముందు నోరు ఒక్క నిమిషమైనా మూతపడాలి కదా. ఎనిమిదో నెలకే మాటలు మొదలుపెట్టిందనీ, అప్పట్నుంచీ నిద్రలో తప్ప ఆపలేదనీ వాళ్ళమ్మ చెబుతుంది. నిద్రలో మాత్రం ఆపుతుందని ఎవరన్నారని ఆమె మొగుడు అంటాడు. చిన్నప్పుడు వీధివాళ్ళు పెట్టిన పేరు వాగుడుకాయ. నలభై ఆరేళ్ళు వచ్చాయి, పాపిట దగ్గర జుట్టు నెరిసింది, ఆస్పత్రిలో ఆయమ్మ ఉద్యోగం కూడా వచ్చింది. వాగుడుకాయ పేరు మాత్రం ఎక్కడికీ పోలేదు.

కాగితాల మీద ఉన్న పేరు వేరు. దాని సంగతి చెప్పాలంటే వాళ్ళ తాత దగ్గర్నుంచి మొదలుపెట్టాలి.

తాత ఒక సరుకుల గోదాములో కాపలాదారు. ఆయనతో పాటు గేటు దగ్గర కాపలా కాసిన మనిషి ఎక్కడో దూరదేశం నుంచి వచ్చి పడ్డవాడు, అరబ్బీ మాట్లాడేవాడు. ఒకరి భాష ఒకరికి అరకొరగానే వచ్చు. అయినా ఇరవయ్యేళ్ళపాటు రెండు స్టూళ్ళు ఎదురెదురుగా వేసుకుని కబుర్లు చెప్పుకున్నారు. ఏం చెప్పుకున్నారో వాళ్ళకే తెలియాలి. మనవరాలు పుట్టి, మెడయినా నిలపకముందే ఊఁ ఊఁ అంటూ ఇంటికి వచ్చినవాళ్ళందరినీ పలకరిస్తుంటే తాత మురిసిపోయి, "దీనికి పేరు నేను పెడతాను. ఎవరూ మాట్లాడకండి" అన్నాడు. ఎవరూ మాట్లాడలేదు. కోడల్నీ పసిపిల్లనీ వెంటబెట్టుకుని పేరు రాయించడానికి ఆయనే ఆఫీసుకి వెళ్ళాడు.

"పేరు?" అన్నాడు గుమస్తా తలెత్తకుండా.

"సమీరా" అన్నాడు తాత.

గుమస్తా రాసేశాడు. కోడలు నాలుగు అక్షరాలు చదువుకున్న మనిషి, తొంగి చూసింది. "చివర దీర్ఘం పెట్టలేదండీ" అంది.

"దీర్ఘం పిలవడానికమ్మా. తమ్ముడా అని పిలుస్తాం. కాగితం మీద తమ్ముడు అనే కదా రాస్తాం? ఇదీ అంతే. సమీర. అంటే గాలి. చల్లటి పేరు పెట్టారు, సంతోషం."

"గాలి కాదు బాబూ, తోడు" అన్నాడు తాత.

గుమస్తా అప్పటికే "తరవాత ఎవరు?" అని కేకేశాడు. అలా ఆ పిల్ల పేరులోని దీర్ఘం గుమస్తా బల్ల మీదే ఉండిపోయింది. ఆయన్ని తప్పుపట్టడానికి కూడా లేదు. తెలుగు వచ్చినవాడు కనుకనే ఆ తప్పు చేశాడు, రానివాడైతే విన్నది విన్నట్టు రాసేవాడు.

ఇంటికి ఎవరొచ్చి అర్థం అడిగినా గాలి అని చెప్పడం అలవాటైపోయింది. తాత మాత్రం మంచంలోంచి "గాలి కాదే, తోడు" అనేవాడు. అప్పటికి ఆయనకి వినికిడి తగ్గింది, మాట ముద్దగా వచ్చేది. కోడలు పాపం మంచిదే. "తోడు వేశాను మావయ్యా, పొద్దున్నకి గట్టిగా తోడుకుంటుంది" అని పెరుగు గిన్నె తెచ్చి మూత తీసి చూపించేది. ఆయన గిన్నె వంకా, కోడలి వంకా చూసి గోడవైపు తిరిగి పడుకునేవాడు. మనవరాలికి నాలుగేళ్ళు నిండకుండానే పోయాడు. ఆ తోడేమిటో ఎవరూ అడగనే లేదు.

బడిలో తెలుగు టీచరు ఒకావిడ ఉండేది. పాఠం మధ్యలో వెనక బెంచీలోంచి గుసగుసలు ఆగకపోయేసరికి ఒకరోజు పుస్తకం బల్ల మీద కొట్టి, "పేరే గాలి. ఇక చెప్పేవి గాలి కబుర్లు కాక ఇంకేమవుతాయి?" అంది. క్లాసంతా విరగబడి నవ్వింది. వాగుడుకాయ కూడా నవ్వింది, అందరికంటే గట్టిగానే నవ్వింది. కానీ ఆ మాట ఎక్కడ గుచ్చుకోవాలో అక్కడే గుచ్చుకుంది. ఆ తరవాత మాట్లాడటం ఏమీ తగ్గలేదు. తన మాటకి బరువుందనే నమ్మకమే తగ్గింది. ఎదుటివాళ్ళు ఆవులిస్తే చాలు, గాలి కబుర్లు అని తనే అనేసుకుని నవ్వేసేది.

ఆమె పెళ్ళాడినాయన కుట్టుమిషన్లు బాగుచేస్తాడు. మొదటిసారి చూసుకోవడానికి వచ్చినరోజు ఆమె గంటసేపు మాట్లాడింది, ఆయన గంటసేపు విన్నాడు. "అమ్మాయి నచ్చిందా?" అని పెద్దవాళ్ళు అడిగితే "ఆఁ" అన్నాడు. ఆ 'ఆఁ' తరవాత ఆయన నోటి నుంచి ఇంకో పూర్తి వాక్యం వినడానికి ఆమెకి మూడు నెలలు పట్టింది. "ఎందుకు ఒప్పుకున్నారండీ నన్ను?" అని ఎప్పుడో అడిగితే, మిషన్ చక్రం తిప్పుతూ, "ఇంట్లో చప్పుడుంటుందని" అన్నాడు. ఆమె అది కూడా వేళాకోళమే అనుకుంది.

పదకొండేళ్ళుగా ఆమె ఆస్పత్రిలో డయాలసిస్ వార్డు ఆయమ్మ. సాయంత్రం షిఫ్టు, నాలుగు నుంచి ఎనిమిది. ఆరు వాలుకుర్చీలు, ఒక్కో కుర్చీ పక్కన ఒక్కో మిషన్. రక్తం చేతిలోంచి గొట్టంలోకి, గొట్టంలోంచి మిషన్‌లోకి వెళ్ళి, శుభ్రపడి మళ్ళీ ఒంట్లోకి వస్తుంది. అలా నాలుగు గంటలు కదలకుండా కూర్చోవాలి. వారానికి మూడుసార్లు. వచ్చినవాళ్ళని బరువు చూసి పలక మీద రాయడం, కాళ్ళకి దుప్పటి కప్పడం, పిక్కలు పట్టేస్తే ఒత్తడం, వెళ్ళేటప్పుడు మళ్ళీ బరువు చూడటం, కుర్చీలు మందునీళ్ళతో తుడవడం ఆమె పని. ఆ మనుషులకి దాహం ఎక్కువ, తాగనిచ్చే నీళ్ళు తక్కువ. అందుకని నీళ్ళ ఊసు రాకుండా ఇంకేదో ఒకటి చెబుతూ ఉండేది. ఆ పని చెయ్యమని ఎవరూ చెప్పలేదు, చెయ్యొద్దనీ అనలేదు.

ఈ మధ్య మూడు వారాలుగా నడుస్తున్నది వాళ్ళ అత్తగారి కళ్ళజోడు కథ. అత్తగారి కళ్ళజోడు పోయింది. ఇల్లంతా వెతికారు. కోడలి మీద అనుమానం, కొడుకు మీద అనుమానం, చివరికి పక్కింటావిడ మీద అనుమానం. అత్తగారు కళ్ళు కనపడకుండానే కోపంగా మెట్లు దిగి పక్కింటి తలుపు కొట్టింది. తలుపు తీసిన పక్కింటావిడ ముక్కు మీద చూస్తే... అక్కడికి గంట ఎనిమిదయింది. మిగతాది ఎల్లుండి అని ఆమె దుప్పట్లు మడతపెట్టుకుంది. ఆ ఎల్లుండి రానే వచ్చింది గానీ కథ మాత్రం ముందుకు సాగలేదు. కారణం కొత్త పెద్ద సిస్టరు.

పెద్ద సిస్టరు ఆపరేషన్ థియేటర్ నుంచి వచ్చింది. అక్కడ కత్తెర కింద పెట్టిన చప్పుడు తప్ప ఇంకేదీ వినపడకూడదు. చెడ్డమనిషి కాదు. తను వచ్చాక వార్డులో ఒక్క గొట్టం తారుమారు కాలేదు, ఒక్క మందు ఆలస్యం కాలేదు. వచ్చిన వారానికే గోడకి 'నిశ్శబ్దం పాటించండి' అని కాగితం అంటించింది. తరవాత రోగులందరికీ ఐదు ప్రశ్నల కాగితం పంచింది. పేరు రాయనక్కర్లేదు, మనసులో ఉన్నది రాయండి అంది. ఆఫీసులో ఎవరో జవాబులన్నీ ఒక చోటికి ఎత్తి రాసి, పైన 'సలహాలు, ఫిర్యాదులు' అని పెట్టి ఆమె బల్ల మీదికి పంపారు. ప్రశ్నలు అందరికీ తెలిసినవే కదా అని మళ్ళీ రాయలేదు.

ఆ సాయంత్రం పెద్ద సిస్టరు ఆమెని అద్దాల గదిలోకి పిలిచి కాగితం తిప్పి పెట్టింది. "ఇది చదువు."

దిండు మార్చండి. ఫ్యాను తగ్గించండి. బాత్రూం గడియ సరిగా లేదు. దాని కింద పెద్ద సిస్టరు వేలు పెట్టిన చోట మూడు మాటలు. వాగుడుకాయ పైకే చదివింది. "ఆయమ్మ మాటలు చాలు."

"పని బాగా చేస్తావు, కాదనను" అంది పెద్ద సిస్టరు. "కానీ ఒక రోగి కాగితం తీసుకుని చాలు అని రాశాడంటే ఎంత విసిగిపోయి ఉండాలి? నొప్పితో వచ్చేవాళ్ళమ్మా. నెలాఖరుకి ఇక్కణ్ణుంచి ఒకర్ని కింద బట్టల గదికి పంపాలి. ఇంకా పది రోజులుంది. నోరు అదుపులో ఉంటే నువ్వు ఇక్కడే ఉంటావు. లేదంటే నిన్నే పంపుతాను. తరవాత నన్ననొద్దు."

బట్టల గదంటే నేలమాళిగ. కిటికీ లేదు. రెండు పెద్ద ఉతుకుడు మిషన్లు, ఒక ఆరబెట్టే మిషను, గుట్టలుగా దుప్పట్లు. జీతం అదే, పైగా కూర్చుని చేసే పని. ఆ గది దొరికితే బాగుండని అనుకునేవాళ్ళు కూడా ఆస్పత్రిలో ఉన్నారు. ఈమెకి మాత్రం అక్కడికి వెళ్ళాలని లేదు. పదకొండేళ్ళుగా ఆమె రోజంతా ఎదురుచూసేది ఆ నాలుగు గంటల కోసమే. ఇంట్లో వంట చేస్తూ ఇవాళ ఏం చెప్పాలా అని అనుకునేది, బస్సులో ఎవరైనా పోట్లాడుకుంటే వాళ్ళకి చెప్పాలని గుర్తుపెట్టుకునేది.

ఎవరు రాసి ఉంటారు? మొదటి కుర్చీలో బేకరీ అక్క కాదు, ఆవిడ తనే ఎదురు కబుర్లు చెబుతుంది. నాలుగో కుర్చీలో కండక్టర్ బాబాయ్ అయ్యుండొచ్చు, మొహం మీదే తిట్టే మనిషి గానీ. ఐదో కుర్చీలో అరబ్బీ మాస్టారు అసలు విననే వినడు. కళ్ళు మూసుకుని పడుకుంటాడు, మూడు మాటలకి మించి మాట్లాడడు. ముప్ఫైమూడేళ్ళు బడిలో అరబ్బీ చెప్పి చెప్పి అలిసిపోయాడేమో అని ఆమె ఆయన్ని వదిలేసింది. ఎవరైతేనేం, రాసినమాట నిజమే కదా. నాకేం తెలుసు గాలి కబుర్లు తప్ప, అనుకుంది. ఈసారి నవ్వు రాలేదు.

ఆ రోజు నుంచి మౌనవ్రతం. చూసినవాళ్ళకి నవ్వొచ్చేది గానీ ఆమె పాట్లు ఆమెవి. "అన్నట్టు..." అని మొదలుపెట్టి చేత్తో నోరు మూసుకునేది. బరువెంతో పలక మీద రాసి పలక పైకెత్తి చూపించేది. మాటలు గొంతు దాకా వచ్చి వెనక్కి పోయి, కడుపు ఉబ్బరంగా ఉండేది. ఇంటికెళ్ళాక మాట్లాడుకోవచ్చు కదా అంటే, ఆ హుషారు కూడా పోయింది. అన్నం పెట్టి, తిని, గిన్నెలు కడిగి పడుకునేది.

మూడోరోజు మొగుడు చేతిలో స్క్రూడ్రైవర్ కింద పెట్టాడు. ఎదురుగా కూర్చుని గొంతు సవరించుకున్నాడు. "ఇవాళ ఒక మిషన్ వచ్చింది" అన్నాడు. ఆ మిషన్‌లో దారం ఎందుకు తెగుతోందో, బాబిన్ ఎక్కడ అరిగిందో, దాన్ని ఎలా సానబెట్టాడో పది నిమిషాలపాటు చెప్పాడు. నుదుటి మీద చెమటలు పట్టాయి. అయినా ఆపలేదు. ఆయన అంతసేపు మాట్లాడటం చూసి ఆమెకి భయమేసింది. చెయ్యి పట్టుకుని చూసింది, ఒళ్ళు కాలడం లేదు. అప్పుడు ఏడుపొచ్చి జరిగిందంతా చెప్పింది. ఆయన విని, "వాళ్ళకి చాలితే చాలనీ. నాకు చాల్లేదు" అన్నాడు. ఆ రాత్రికి ఆయన వాటా మాటలు అయిపోయాయి.

వార్డులో గోడగడియారం టిక్కుటిక్కుమనడం అందరికీ వినపడటం మొదలైంది. ఇన్నాళ్ళూ అది ఉందని కూడా ఎవరికీ తెలియదు. ఐదింటికి ఒకరు, ఐదుంపావుకి ఒకరు టైమెంతయిందని అడిగేవాళ్ళు. ఏడుంపావు దాటితే, "ఇంక తీసెయ్యండి, అరగంట తగ్గితే కొంపేం మునగదు" అనేవాళ్ళు. ముందుగా లేచిపోవాలంటే తమ ఇష్టం మీదే లేచామని పుస్తకంలో సంతకం పెట్టాలి. అందులో నెలకి ఒకటో రెండో సంతకాలుండేవి. ఆ వారంలోనే తొమ్మిది పడ్డాయి. పెద్ద సిస్టరు ఆ పుస్తకం ముందు పెట్టుకుని కనుబొమలు ముడిచి చాలాసేపు చూసింది.

ఏడో రోజు సాయంత్రం. అరబ్బీ మాస్టారి కాళ్ళకి ఆమె దుప్పటి సర్దుతోంది. ఆయన కళ్ళు తెరిచాడు.

"అమ్మాయ్, నీ గొంతుకేమైంది?"

ఆమె గోడ మీది కాగితం చూపించింది.

"అది గోడకి కదా అంటించారు, నీ నోటికి కాదుగా."

ఆమె తల అడ్డంగా ఊపింది. వంగి ఉంది కనుక మెళ్ళో ఆస్పత్రివాళ్ళిచ్చిన పేరు బిళ్ళ ఆయన కళ్ళముందు ఊగుతోంది. ఆయన కళ్ళజోడు పైకి జరిపి దాన్ని పట్టుకుని చదివాడు. "ఇది నీ పేరా? ఇన్నేళ్ళూ ఆయమ్మ ఆయమ్మ అని వినడమే గానీ నేను చూడనే లేదు. ఎవరు పెట్టారు?"

దీనికి తల ఊపితే సరిపోదు. ఆమె అద్దాల గది వైపు చూసింది. పెద్ద సిస్టరు ఫోన్లో ఉంది. "మా తాతండీ" అంది గుసగుసగా. "గాలి అని అర్థమట. పేరుకి తగ్గట్టే తయారయ్యాను."

"గాలని ఎవరన్నారు?"

"రాసినాయన అన్నాడు, మా టీచరూ అంది. అందరూ అంటారండీ."

"సంస్కృతంలో సమీర అంటే గాలే, కాదనను. మీ తాతకి సంస్కృతం వచ్చా?"

"ఆయనకి సంతకమే రాదండీ. గోదాము కాపలా. ఎవరో అరబ్బీ మాట్లాడే ఆయనతో కలిసి చేసేవాడట."

మాస్టారు ఒక్కసారిగా లేచి కూర్చోబోయాడు. గొట్టాలు లాగాయి, మిషన్ కీచుమంది. ఆమె గబుక్కున భుజాలు పట్టుకుని వెనక్కి వాల్చి, గొట్టం మెలిక సరిచేసింది. ఆయన ఊరుకోలేదు.

"అయితే ఇది నా భాష పేరు. సమీరా. చివర దీర్ఘం ఉంది, ఎవరో మింగేశారు. విను. ఎండ మండిపోయే దేశాల్లో పగలంతా ఎవరి పని వాళ్ళది. పొద్దు వాలి, చల్లబడ్డాక నలుగురూ ఒకచోట చేరి మాట్లాడుకునేవాళ్ళు. ఆ చీకటివేళ కబుర్లని సమర్ అంటారు."

"సమరమంటే యుద్ధం కదా మాస్టారూ?" అన్నాడు పక్క కుర్చీలోంచి కండక్టర్ బాబాయ్.

"అది వేరు, ఇది వేరు. నువ్వు నీ టికెట్లు కొట్టుకో." మాస్టారు మళ్ళీ ఇటు తిరిగాడు. "చాలా పాత మాట అమ్మాయ్. పొద్దువాలాక పక్కన కూర్చుని, నిద్ర రాకుండా, దిగులు రాకుండా మాట్లాడుతూ ఉండే మనిషి మగవాడైతే సమీర్. ఆడదైతే సమీరా. ఒక్క ముక్కలో చెప్పమంటే, మాటల తోడు."

ఆమె చేతిలో దుప్పటి కొస అలాగే ఉండిపోయింది. "ఏమన్నారండీ?"

"తోడు. మాటల తోడు."

గాలి కాదే, తోడు. మంచం మీంచి ముద్దముద్దగా వచ్చిన ఆ మాట అమ్మ ఎన్నోసార్లు నవ్వుతూ చెప్పింది, పెరుగు గిన్నె కథగా. గోదాము గేటు దగ్గర రెండు స్టూళ్ళు, ఇద్దరు ముసలివాళ్ళు, తెల్లవారేదాకా ఒకరికొకరు. ఆ పిలుపు అక్కడ విని, దాచుకుని, ఊఁ ఊఁ అంటున్న పసిపిల్లకి తెచ్చి పెట్టాడు. తన వాగుడు చూసి ఆయన విసుక్కోలేదు. దాన్ని చూసే ఆ పేరు పెట్టాడు. ఆమె పక్కనున్న స్టూలు మీద కూర్చుండిపోయింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, సంతోషంతోనే తిరిగాయి.

"ఆ పేరు చాలామందికి ఉంటుందా మాస్టారూ?" అంది అటువైపు నుంచి బేకరీ అక్క.

ఇక మాస్టారిని ఆపేవాళ్ళు లేరు. "నేను ఉద్యోగంలో చేరిన ఏడు ఒక్క క్లాసులో నలుగురు సమీరాలు. పొడుగు సమీరా, పొట్టి సమీరా, కళ్ళజోడు సమీరా, ఇంకొకతె ఉత్త సమీరా. పిలిస్తే నలుగురూ లేచేవాళ్ళు. ఎన్ని దేశాలు తిరిగింది ఆ పేరు! ఎక్కడికెళ్తే అక్కడి నోళ్ళకి అలవాటైపోయింది. తరవాత్తరవాత తగ్గింది. నేను దిగిపోయేనాటికి బడి మొత్తానికి ఒక్కతి. అది మా అమ్మమ్మ పేరండీ, పాతపేరు అని సిగ్గుపడేది. పేర్లు కూడా బట్టల్లాంటివే, పెట్టెలో పెట్టినవి మళ్ళీ ఎవరో తీసి కట్టుకుంటారు."

"ఎంత మంచి అర్థముంటే ఏం లాభమండీ" అంది వాగుడుకాయ ముక్కు తుడుచుకుంటూ. "మన వార్డులోనే ఎవరో రాసేశారు. నెలాఖరుకి నేను కింద బట్టల గదికి పోతానేమో."

"ఏమని రాశారు?"

"ఆయమ్మ మాటలు చాలు అని."

మాస్టారు కళ్ళజోడు తీసేశాడు. "అది నేను రాసిందే" అన్నాడు.

ఆమెకి ఏం అనాలో తోచలేదు. పుట్టిన తరవాత అలా తోచకపోవడం బహుశా అదే మొదలు.

"ఇంకా ఏం కావాలి, టీవీ కావాలా, రేడియో కావాలా అని ఐదో ప్రశ్న అడిగారు. అవేమీ అక్కర్లేదనే కదా, ఆయమ్మ మాటలు చాలు అని రాశాను!" మాస్టారు గొంతు పెరిగింది. "సిస్టర్! సిస్టర్! ఒకసారి ఇలా రండి!"

పెద్ద సిస్టరు కంగారుగా వచ్చి ముందు మిషన్ చూసింది, తరవాత ఆయన్ని చూసింది. సంగతి విని, మాట్లాడకుండా గదిలోకి వెళ్ళి అసలు కాగితాల కట్ట తెచ్చింది. నిలబడే ఒక్కొక్కటీ తిప్పింది. ఐదో ప్రశ్న కింద, వంకర లేని అక్షరాలతో, ఆ మూడు మాటలే. పైకి ఒకసారి చదివింది. మళ్ళీ ఇంకోలా చదివింది. చాలు అన్న చోట మొదటిసారి గొంతు తెగ్గొట్టినట్టుగా వచ్చింది, రెండోసారి కడుపు నిండిన మనిషి విస్తరి ముందు అన్నట్టుగా వచ్చింది.

"మాస్టారూ, అన్నేళ్ళు పిల్లలకి చదువు చెప్పారు. ఇంకొక్క మాట ఎక్కువ రాస్తే మీ సొమ్మేం పోయేది?" అంది.

"చాలనుకున్నాను" అన్నాడు మాస్టారు.

కండక్టర్ బాబాయ్ పకపకా నవ్వాడు. బేకరీ అక్క నవ్వు ఆపుకోలేక దగ్గింది. పెద్ద సిస్టరు నవ్వకుండా ఉండాలని చూసింది గానీ పెదవులు మాట వినలేదు. తరవాత ఆమె ఆయమ్మ వైపు తిరిగి, అందరి ముందూ, "పొరపాటు నాది. ప్రశ్న చూడకుండా జవాబు చదివాను" అంది. అలా అనడం అందరికీ రాదు. "ఆ సంతకాల పుస్తకం చూసినప్పుడే నాకు అనుమానం వచ్చింది. నువ్వు నోరు మూసుకున్నాక అందరూ పారిపోతున్నారు. అయితే ఒకటి. సూదులు గుచ్చే పావుగంటా మాటలొద్దు. రక్తపోటు చూసేటప్పుడు వద్దు. మిగతాదంతా నీ ఇష్టం."

"మరి బట్టల గదికి?"

"నన్ను పంపండి అని ఇద్దరు ఎప్పట్నుంచో అడుగుతున్నారు. వాళ్ళలో ఒకర్ని పంపుతాను."

ఆ రోజు ఇంటికెళ్ళి గుమ్మంలోనే మొదలుపెట్టింది. చెప్పులు విప్పుతూ, కాళ్ళు కడుక్కుంటూ, అన్నం వడ్డిస్తూ చెప్పింది. మొగుడు అంతా విని, "హమ్మయ్య. ఇక నేను మాట్లాడక్కర్లేదు" అని స్క్రూడ్రైవర్ అందుకున్నాడు. ఆయన మొహం అంత వెలిగిపోవడం ఆమె ఎప్పుడూ చూడలేదు.

తరవాత అమ్మకి ఫోన్ చేసింది. "అమ్మా, తాత తోడు తోడు అనేవాడే, అది పెరుగు తోడు కాదే. నా పేరుకి అర్థం అది" అని మొత్తం చెప్పింది. "అయ్యో, నేను రోజూ గిన్నె తెచ్చి చూపించేదాన్ని కదే" అంది అమ్మ. "మూత కూడా తీసి చూపించేదాన్ని." ఇద్దరూ నవ్వారు. నవ్వుతూ నవ్వుతూ ఏడ్చారు. "పాపం ఎంత విసుగొచ్చి ఉంటుందో మావయ్యకి. ఒక్కనాడూ గిన్నె విసిరికొట్టలేదు" అంది అమ్మ కళ్ళు తుడుచుకుంటూ.

రెండు రోజుల తరవాత పెద్ద సిస్టరు కొత్త బిళ్ళ కోసం ఆఫీసుకి చీటీ రాసింది, పేరు చివర దీర్ఘం పెట్టమని. చీటీ తిరిగొచ్చింది. పుట్టినప్పటి కాగితంలో ఎలా ఉంటే అలాగే ఉంటుందట. మార్చాలంటే ముందు అక్కడ మార్పించుకు రావాలట. "సెలవు పెట్టి వెళ్ళిరా" అంది పెద్ద సిస్టరు. ఆమె మెళ్ళో బిళ్ళ తిప్పి చూసుకుంది. సమీర. ఒక్క గీత తక్కువ. వెళ్తే ఆ గుమస్తా ఉండడు, ఉన్నా దీర్ఘం పిలవడానికే అని మళ్ళీ అంటాడు.

సూదులు గుచ్చడం అయిపోయింది. పావుగంట దాటింది. ఆమె ఇంకా గుమ్మం దగ్గరే బిళ్ళ పట్టుకుని నిలబడి ఉంది. ఐదో కుర్చీలోంచి మాస్టారు గట్టిగా కేకేశాడు.

"సమీరా!"

ఆమె తల తిప్పింది. ఆయన పేరు పలికాడా, పిలిచాడా? రెండూ ఒకటే. చివర దీర్ఘం ఉన్నది ఉన్నట్టుగా వినపడింది. చిన్నప్పుడు అన్నానికి రమ్మని వీధి మొగలో నిలబడి అమ్మ కేకేసినప్పుడూ ఇలాగే వినపడేది. తెలుగు టీచరు కోప్పడి పిలిచినా ఇలాగే. ఈ భాషలో ఎవరు ఎవర్ని పిలిచినా చివర సాగదీస్తారు. తాత పెట్టిన పేరుని కాగితం తప్పు రాసింది గానీ, ఈ నలభై ఆరేళ్ళలో పిలిచినవాళ్ళు ఒక్కరూ తప్పు పిలవలేదు.

"వస్తున్నా మాస్టారూ" అంది.

"వస్తే సరిపోదు. తలుపు తీసిన పక్కింటావిడ ముక్కు మీద ఉన్నది మీ అత్తగారి కళ్ళజోడేనా, కాదా? పది రోజులైంది నేను సరిగ్గా నిద్రపోయి."

ఆమె బిళ్ళ వదిలేసి స్టూలు లాక్కుని ఆరు కుర్చీల మధ్య కూర్చుంది. "దాని కథ చాలా ఉందండీ" అంది.